జీవజాతుల అంతర్జాల డేటాబేసులు – తెలుగు పేర్ల స్థితి: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
జీవజాతుల వర్గీకరణకు, జీవవైవిధ్య సమాచారానికి నేడు అంతర్జాల డేటాబేసులే ప్రధాన ఆధారాలు. వాటిలో శాస్త్రీయ నామానికి ఉన్న క్రమశిక్షణ దేశీయ నామానికి లేదు. తెలుగు పేర్లు ఈ డేటాబేసుల్లోకి ఏ దారిన వచ్చాయి, వచ్చే క్రమంలో ఏం పోగొట్టుకున్నాయి, ఆ నష్టం భాషకే పరిమితమా అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జీవవైవిధ్యం, డేటాబేసులు, దేశీయ నామాలు, మాండలికాలు, లిప్యంతరీకరణ, నిఘంటు నిర్మాణం, హైదరాబాదు.

ప్రవేశిక

తెలుగు నిఘంటువులను తిరగేసే వారికి బాగా పరిచయమైన అర్థం ఒకటుంది: వృక్షవిశేషము. పక్షి అయితే పక్షివిశేషము, చేప అయితే మత్స్యవిశేషము. అది ఏ చెట్టో, ఏ పక్షో తెలుసుకోవాలని నిఘంటువు తెరిచిన పాఠకుడు, అది చెట్టేనన్న ధైర్యంతో మాత్రం తిరిగి వెళ్తాడు. ప్రబంధాల వనవర్ణనలకు వ్యాఖ్య రాసినవారిలో పలువురు ఈ విశేషాల మీదుగానే దాటిపోయారు.

ఈ లోటును అంతర్జాలం తీరుస్తుందన్న ఆశ గత రెండు దశాబ్దాలలో బలపడింది. కోపెన్‌హాగెన్ కేంద్రంగా 2001లో ఏర్పడిన గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ (జీబిఫ్) ప్రపంచంలోని మ్యూజియంలు, హెర్బేరియంలు, పక్షి వీక్షకుల నమోదులన్నింటినీ ఒకచోట చేర్చింది. ఆ సంఖ్య ఇప్పుడు 200 కోట్లు దాటింది. కేటలాగ్ ఆఫ్ లైఫ్‌లో 20 లక్షలకు పైగా జాతుల పేర్లున్నాయి. క్యూ ఉద్యానవనం 2017లో ప్రారంభించిన ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్, 2008లో మొదలైన ఐనాచురలిస్ట్, మన దేశంలో అదే ఏడాది వచ్చిన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, 2007లో మొదలైన ఇఫ్లోరా ఆఫ్ ఇండియా, ఔషధ మొక్కలపై బెంగళూరులోని ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ రూపొందించిన నామకోశం – ఇవన్నీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. వీటిలో చాలా వాటిలో భారతీయ భాషల పేర్లకు స్థానం ఉంది. ఆ స్థానంలో తెలుగు ఎలా ఉందన్నదే ఇక్కడి ప్రశ్న. ప్రకృతిశాస్త్రవేత్తలు దీన్ని అంతగా పట్టించుకోకపోవడం సహజమే. తెలుగు శాఖలు పట్టించుకోకపోవడానికి మాత్రం సమర్థన దొరకదు.

తెలుగు నుంచి లాటినుకు

ముందుగా గుర్తించవలసిన విషయం: ఈ డేటాబేసులకు తెలుగు కొత్త అతిథి కాదు. వాటి ప్రధాన స్తంభమైన శాస్త్రీయ నామాలలోనే తెలుగు మాటలు దాగి ఉన్నాయి. పిట్టా అనే పక్షి ప్రజాతికి 1816లో వియెయో పెట్టిన పేరు మన పిట్టే. పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయింది. ఆ మాట ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి సంచి జంతువులకూ అంటుకుంది. 1873లో గ్రే దానినే బ్యాండికోటా అనే ప్రజాతి నామంగా స్థిరపరిచాడు. కట్లపాముల ప్రజాతి బంగారస్. విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ 1796లో ప్రచురించిన కోరమాండల్ తీరపు పాముల గ్రంథంలో, పసుపు పట్టీలున్న కట్లపామును స్థానికులు బంగారం పాము అంటారని రాసుకున్నాడు. 1803లో దోదాఁ దానికి లాటిను తొడుగు తొడిగాడు. అదే రసెల్ 1803లో విశాఖ చేపలు 200 వర్ణించినప్పుడు కానగుర్త అనే పేరు నమోదు చేశాడు. కువ్యే దాన్ని 1816లో జాతినామం చేశాడు. నేడు ప్రపంచంలో ఏ ఓడరేవులోనైనా ఆ చేప రాస్ట్రెల్లిగర్ కానగుర్తా.

మొక్కల విషయంలో విలియం రాక్స్‌బర్గ్ స్థానం ప్రత్యేకం. సామర్లకోటలో తోట పెంచి, ఉత్తర సర్కారులలో తిరిగి, 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథానికి సామగ్రి కూర్చాడు. అందులో 300 చిత్రాలున్నాయి. తెలుగు పేరు తెలిసిన మొక్కకు ఆ పేరును కూడా చెప్పడం ఆయన పద్ధతి. సండ్ర చెట్టుకు మైమోసా సుండ్ర అని పేరుపెట్టాడు. సోమిద మానుకు ఆయన పెట్టిన పేరు వేరైనా, తరవాత 1830లో జుస్యూ దానిని ప్రత్యేక ప్రజాతిగా విడదీసినప్పుడు సోయ్‌మిడా అనే తెలుగు మాటనే ఎంచుకున్నాడు.

ఈ జాబితా గర్వకారణంగా చదువుకోవడానికి బాగుంటుంది. తెలుగు పత్రికలలో అలాగే వస్తూ ఉంటుంది కూడా. కానీ విమర్శకు పనికొచ్చే విషయం వేరు. రసెల్, రాక్స్‌బర్గులు తెలుగు పేరును సాక్ష్యంగా తీసుకున్నారు. ఎక్కడ, ఎవరు ఆ పేరుతో పిలుస్తారన్నది వారికి నమూనాతో పాటు సేకరించవలసిన సమాచారం. రెండు శతాబ్దాల తరవాత డేటాబేసులో అదే పేరు ఇతర నామాలు అన్న గడిలో, కామాల మధ్య, ఊరూ పేరూ లేకుండా కనబడుతుంది. శాస్త్రీయ నామం పక్కన కర్త, సంవత్సరం, గ్రంథం, పుట అన్నీ ఉంటాయి. తెలుగు పేరు పక్కన తెలుగు అన్న మాట తప్ప మరేదీ సాధారణంగా ఉండదు.

లిపి అనే మొదటి గండం

ఈ కోశాలలో తెలుగు పేర్లు చాలావరకు రోమన్ లిపిలోనే ఉన్నాయి. 1990ల ఆరంభంలో కంప్యూటర్లకు ఇంగ్లీషు అక్షరాలు తప్ప తెలియని రోజుల్లో ఇది తప్పనిసరి. కానీ యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. తరవాత మూడు దశాబ్దాలకు పైగా గడిచినా పాత పట్టికలు అలాగే నకలవుతున్నాయి.

దీర్ఘం లేని, ఒత్తులు కచ్చితంగా లేని, ట త ల తేడా చూపని రోమన్‌లో ఒక పేరును రాస్తే జరిగేదేమిటి? సముద్రతీరపు మడ చెట్టుకు నల్లమడ అన్న పేరుంది. అడవిలోని మద్ది చెట్టుకు నల్లమద్ది అన్న పేరుంది. ఒకటి ఉప్పునీటి బురదలో పెరిగేది, మరొకటి ఎండుటడవిలో పెరిగే పెద్ద మాను. రోమన్‌లో ఈ రెంటికీ నడుమ మిగిలేది ఒకటి రెండు అక్షరాల తేడా. అది కూడా చాలా చోట్ల అచ్చుతప్పుగా తీసివేతకు గురయ్యేంత సన్నని తేడా. తెలుగు తెలిసినవాడు సందర్భం చూసి గ్రహిస్తాడు. యంత్రం గ్రహించదు. ఆ పట్టికను చదివి మరో పట్టిక తయారుచేసే వాడికి తెలుగు రాకపోతే అతడూ గ్రహించడు.

ఇంకా సున్నితమైన నష్టం మాండలిక భేదాల విషయంలో ఉంది. బతుకమ్మలో పేర్చే సిలోసియా అర్జెంటియాను తెలంగాణలో గునుగు అంటారు. ఆంధ్ర ప్రాంతంలో గురుగు అనీ, కోడిజుట్టు అనీ వినిపిస్తుంది. గునుగు, గురుగు అన్న జంట రోమన్ పట్టికలో పక్కపక్కన కనిపిస్తే, రెండింటిలో ఒకటి అచ్చుతప్పనుకోవడమే సహజం. నిజానికి అది ఒక పదానికి రెండు ప్రాంతాల చరిత్ర. బీడీ ఆకు చెట్టు తునికి, తుమికిగా. ఇప్ప, విప్పగా వినబడడం కూడా ఇటువంటిదే.

శ్రీనగర్ కాలనీలో ఒక చెట్టు పేరు

సమస్య అడవులకూ పల్లెలకూ పరిమితం కాదని చూపడానికి నగరం నడిబొడ్డునే ఉదాహరణగా తీసుకోవచ్చు. హైదరాబాదులో అమీర్‌పేటకూ పంజాగుట్టకూ ఆనుకొని, బంజారాహిల్స్ వాలు కింద ఉన్న శ్రీనగర్ కాలనీ పాత నివాస ప్రాంతం. సత్యసాయి నిగమాగమం ముందు నుంచి యూసుఫ్‌గూడ వైపు వెళ్లే వారికి అక్కడి చెట్ల కంటే వాహనాలే ఎక్కువ కనబడతాయి. అయినా ఇటువంటి కాలనీల వీధుల్లో వేప, కానుగ, గుల్మొహర్, నిద్రగన్నేరు ఇంకా నీడనిస్తూనే ఉన్నాయి. ఈ నాలుగు పేర్లూ నాలుగు రకాల ప్రశ్నలు లేవనెత్తుతాయి.

వేపతో పేచీ లేదు. ఏ డేటాబేసులోనైనా తెలుగు పేరు సరిగానే ఉంటుంది. కానుగ కథ వేరు. లిన్నేయస్ 1753లో దీన్ని సైటిసస్ పిన్నేటస్ అన్నాడు. ఆ తరవాత అది పొంగేమియా గ్లాబ్రా, పొంగేమియా పిన్నేటా, డెర్రిస్ ఇండికా, మిల్లెషియా పిన్నేటా అనే పేర్లతో సంచరించి, ఇప్పుడు క్యూ జాబితాలో మళ్లీ పొంగేమియా పిన్నేటాగా స్థిరపడింది. ఇంతకాలమూ కానుగ కానుగగానే ఉంది. శాస్త్రీయ నామం స్థిరమైనదనీ, దేశీయ నామం చంచలమైనదనీ వర్గీకరణ పాఠ్యపుస్తకాలు మొదటి అధ్యాయంలోనే చెబుతాయి. కానుగ విషయంలో దానికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. ఇలా పేరు మారినప్పుడు డేటాబేసు పాత లాటిను నామాలన్నింటినీ పర్యాయాలుగా గొలుసుకట్టి భద్రపరుస్తుంది. తెలుగు పేరు ఆ గొలుసులో ఏ లంకెకు తగులుకొని ఉందో చూడకపోతే, జాతి కొత్త పేరుకు వెళ్లి తెలుగు పేరు పాత పుటలోనే మిగిలిపోతుంది.

గుల్మొహర్ మరింత చిక్కు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ చెట్టుకు పట్టికల్లో తెలుగు పేరు తురాయి. గుల్మొహర్ అన్నది హిందీ లేదా ఉర్దూ గడిలో ఉంటుంది. కానీ శ్రీనగర్ కాలనీలో తెలుగు మాట్లాడే మనిషి ఆ చెట్టును చూపి గుల్మొహర్ అనే అంటాడు. అతని తెలుగులో అది తెలుగు మాటే. వ్యుత్పత్తిని బట్టి భాషను నిర్ణయించే గడి వాడుకను నమోదు చేయలేదు. అలాగని తురాయి అన్న అందమైన మాటను వదులుకోనవసరం లేదు. కావలసింది రెంటికీ చోటు, ఏది ఎక్కడన్న సూచన. ఇక అమెరికా ఖండపు నిద్రగన్నేరు సాయంకాలం ఆకు ముడుచుకునే స్వభావాన్ని పేరులోనే చెబుతుంది. అంటే వచ్చిన చెట్టుకు తెలుగువాడు చూసి పేరు పెట్టాడు. సీమచింతలో సీమ అన్నది ఇది మన దేశపుది కాదనే సమాచారం. డేటాబేసు నిర్మాతలు స్థానికమా, ప్రవేశపెట్టినదా అని వేరే గడి పెట్టి నింపుకునే విషయాన్ని తెలుగు ఒక ఉపపదంతో ముగించింది. వయ్యారిభామ అన్న పేరు పార్థీనియం కలుపు మొక్కకు ఎవరు పెట్టారో గానీ, దాని వ్యాప్తిని చూసిన వారి ఎకసెక్కం అందులో నిలిచిపోయింది.

స్థలనామాల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జీవజాతి నమోదులో జాతిపేరు ఎంత ముఖ్యమో చోటు అంత ముఖ్యం. పాత హెర్బేరియం చీటీల మీద, పౌరుల నమోదుల మీద ఉన్న ఊరి పేరును అక్షాంశ రేఖాంశాలుగా మార్చేటప్పుడు శ్రీనగర్ అన్న మాట కాశ్మీరుకు లాక్కుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కాలనీ అన్న రెండో మాట జారిపోతే చాలు, దక్కను పీఠభూమి పిట్ట హిమాలయాలకు వలస వెళ్తుంది. దేశం మారితే జీబిఫ్ హెచ్చరిక జెండా చూపుతుంది. దేశం ఒకటే కనుక ఇక్కడ ఆ జెండా కూడా లేవదు. కాలనీకి కూతవేటు దూరంలో 1998లో జాతీయ ఉద్యానవనమైన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, సుమారు 390 ఎకరాల రాతినేల అడవి, నెమళ్లతో సహా ఉంది. అక్కడి నమోదులకు పార్కు పేరు తోడుంటుంది. దాని చుట్టూ ఉన్న కాలనీలకు అటువంటి గుర్తింపు లేదు.

తుమ్మలు, సండ్రలు

దేశీయ నామాలు అశాస్త్రీయమైనవనే అభిప్రాయాన్ని పరీక్షించడానికి తుమ్మ కంటే మంచి ఉదాహరణ దొరకదు. అకేసియా అనే మహా ప్రజాతిని విడగొట్టాలన్న వాదం చాలాకాలం నడిచింది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ అకేసియా అన్న పేరును ఆస్ట్రేలియా జాతులకు కేటాయించడానికి అంగీకరించింది. 2011లో మెల్బోర్న్ మహాసభ దాన్ని ఖాయం చేసింది. ఫలితంగా మన చెట్లు వాచెల్లియా, సెనెగాలియా అనే రెండు ప్రజాతులుగా విడిపోయాయి.

ఎవరు ఎటు వెళ్లారో తెలుగు పేర్లతో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, మురికితుమ్మ – ఈ తుమ్మలన్నీ వాచెల్లియాలో చేరాయి. సండ్ర, అనసండ్ర, సీకాయ సెనెగాలియాలో చేరాయి. తిన్నగా జంటగా ఉండే ముల్లు ఒక లక్షణం, కొక్కెంలా వంగిన ముల్లు మరో లక్షణం. వృక్షశాస్త్రజ్ఞులు అణుస్థాయి సాక్ష్యంతో నిర్ధారించిన విభజనకు ఆనవాలు ముల్లులోనే ఉంది. ఆ ముల్లు గుచ్చుకున్నవారి భాష రెండింటినీ ఎన్నడూ ఒక పేరుతో పిలవలేదు.

దీని నుంచి జానపదులకు జన్యుశాస్త్రం తెలుసునన్న నిర్ణయానికి దూకడం అనవసరం. సర్కారు తుమ్మ అని పిలుచుకునే ప్రోసోపిస్ జూలిఫ్లోరా తుమ్మల వంశానిది కాదు. ముల్లు చూసి, పోలిక చూసి పెట్టిన పేరది. ఇలాంటివి ఎన్నయినా ఉంటాయి. అయితే పేర్లలో ఒక వర్గీకరణ ఉందనీ, అది కొన్నిచోట్ల శాస్త్రంతో కలిసి, కొన్నిచోట్ల విడిపోతుందనీ తెలియాలంటే పేర్లను గుంపులుగా చూడాలి. డేటాబేసు ఒక్కో జాతి పుటకు ఒక్కో పేరును విడివిడిగా అతికిస్తుంది. తుమ్మలన్నీ చూపు అని అడిగితే జవాబు చెప్పే ఏర్పాటు అందులో ఉండదు. కేవలం అక్షరాలు వెతికి, సర్కారు తుమ్మను కూడా కలిపి, వరసన పెడుతుంది. విశేషణం వేరు, మూలపదం వేరు అన్న స్పృహ లేని చోట నల్ల, తెల్ల, అడవి, సీమ, కొండ అనే మాటలు కేవలం శబ్దాలు.

ప్రాణం మీదికొచ్చే పోలిక

ఇంతవరకు చెప్పిన లోపాలు భాషాభిమానుల ఫిర్యాదుగా కొట్టివేయదగినవని ఎవరికైనా అనిపిస్తే, కొడిశె సంగతి చూడాలి. క్లైస్టాంథస్ కొలైనస్ అనే చెట్టుకు తెలుగులో కొడిశె, కడిశె, ఒడిశె అనే రూపాలున్నాయి. దాని ఆకు తీవ్రమైన విషం. దక్షిణ భారతంలో ఆ ఆకుల రసం తాగి మరణించిన సంఘటనలు వైద్యసాహిత్యంలో విస్తారంగా నమోదయ్యాయి. హోలరీనా అనే మరో చెట్టుకు కొడిశపాల, పాలకొడిశ అని పేరు. దాని బెరడు జిగట విరేచనాలకు ఆయుర్వేదంలో ప్రసిద్ధమైన కుటజం. మొదటిది ప్రాణం తీసేది, రెండోది మందు. తెలుగులో రెంటికీ తేడా పాల అన్న ఒక్క మాట. ఆకు తుంచితే పాలు కారుతాయా లేదా అన్న పరీక్షను ఆ మాట గుర్తు చేస్తుంది. పేరు పెట్టినవారు హెచ్చరికను పేరులోనే ఇమిడ్చారు.

ఇప్పుడు ఈ రెండు పేర్లను రోమన్‌లో, పదం మధ్య ఖాళీ ఒకచోట ఉండి మరొకచోట లేకుండా, శ స ష ల భేదం పాటించకుండా రాసి, వెతికే యంత్రానికి అప్పజెప్పితే ఏమవుతుంది? కొడిస అని అడిగిన వాడికి రెండూ వస్తాయి. ఒడిశె అన్న రూపం మరో దారి పడుతుంది: అరకులో పసుపుపచ్చగా పూసే నూనెగింజల పైరు వలిసెకు, దాని ప్రాంతీయ రూపాంతరాలకు అది చాలా దగ్గర. విషవృక్షం, మందు చెట్టు, నూనెగింజల పైరు – మూడూ ఒక వెతుకులాటలో పక్కపక్కన నిలుస్తాయి. ఔషధ మొక్కల పేర్లు తెలుసుకోవడానికి చరవాణిని ఆశ్రయించే వారి సంఖ్య పెరుగుతున్నప్పుడు ఇది భాషాశాస్త్ర సమస్య మాత్రమే కాదు.

సంస్కృత నామాల ప్రవేశం ఈ చిక్కును మరో వైపు నుంచి పెంచింది. బ్రహ్మి అన్న పేరు కొందరికి బకోపా, మరికొందరికి సెంటెల్లా. తెలుగులో మొదటిది నీటి సాంబ్రాణి, రెండోది సరస్వతి ఆకు. తెలుగు పేర్లు వాడినంతకాలం గందరగోళం లేదు. తెలుగు గడిలో బ్రహ్మి అని రాసినప్పుడే అది మొదలవుతుంది.

కలివి కోడి

దేశీయ నామం శాస్త్రానికి ఏమి ఇవ్వగలదో కలివి కోడి చరిత్రలో కనిపిస్తుంది. జెర్డాన్ సేకరించిన ఈ పక్షిని 1848లో బ్లైత్ శాస్త్రానికి పరిచయం చేశాడు. 1900 తరవాత అది కనబడలేదు. అంతరించిందనే భావించారు. 1986 జనవరిలో కడప జిల్లాలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పనిచేసిన భరత్ భూషణ్ దానిని తిరిగి కనుగొన్నారు. స్థానికులైన వేటగాళ్ల జ్ఞానమే అందుకు ఆధారమైంది. శాస్త్రం అంతరించిందనుకున్న కాలంలో ఆ ముళ్లపొదల మధ్య తిరిగే మనుషులకు దాని పేరు తెలుసు, రాత్రిపూట తిరుగుతుందనీ తెలుసు.

ఈ పక్షికి ఉన్న మూడు పేర్లను పోల్చి చూడవచ్చు. లాటిను నామంలోని బైటార్క్వేటస్ అంటే రెండు కంఠపట్టీలున్నదని అర్థం. చేతిలో చచ్చిన పక్షి ఉన్నవాడికి పనికొచ్చే లక్షణం. ఇంగ్లీషు పేరు సేకర్తను స్మరిస్తుంది. తెలుగు పేరు అది ఉండే చోటు చెబుతుంది: కలివి పొదల కోడి. పక్షిని వెతకబోయే వాడికి ఈ మూడింటిలో పనికొచ్చేది ఒక్కటే.

19వ శతాబ్ది పక్షిశాస్త్ర గ్రంథాలలో దీనికే మరో తెలుగు పేరు నమోదై ఉంది. రోమన్ అక్షరాలలో ఉన్న దానిని అడవి ఉత్తతిత్తి అని చదవవచ్చు, అడవి ఊటతిత్తి అని చదవవచ్చు, ఇంకోలాగా చదవవచ్చు. ఆ పేరు పలికినవారు లేరు, తెలుగు లిపిలో రాసిపెట్టినవారు లేరు. నేటి పట్టికలు దాన్ని ఉన్నది ఉన్నట్టు మోసుకొస్తున్నాయి. ఒక పేరు శవంలా మిగలడం అంటే ఇదే.

ఫిష్‌బేస్ చేసిన పని

అన్ని డేటాబేసులనూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. డేనియల్ పాలీ, రైనర్ ఫ్రోజె రూపకల్పనలో 1996 నుంచి అంతర్జాలంలో ఉన్న ఫిష్‌బేస్ ఈ విషయంలో అందరికంటే ముందుంది. చేప పేరును కేవలం అనువాదంగా కాక జ్ఞానంగా చూడాలన్న అవగాహనతో అందులో పేర్ల పట్టికను వేరుగా కట్టారు. పేరు ఏ దేశంలో, ఏ భాషలో, చేప ఏ వయోదశకు, ఆడదానికా మగదానికా అన్న గడులు అందులో ఉన్నాయి. తెలుగు పేర్లు రోమన్‌లోనే ఉన్నా, నిర్మాణం మాత్రం తెలుగుకు సరిపోయేది.

ఎందుకంటే గోదావరి ప్రజలకు ఒకే చేప రెండు పేర్లు. సముద్రంలో ఉన్నప్పుడు విలస. గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురెక్కి నదిలోకి వచ్చాక పులస. టెన్యువలోసా ఇలీషా అని రాసి, ఎదుట ఈ రెంటినీ పర్యాయపదాలుగా పెడితే అది తప్పు సమాచారం. విలస ధర, పులస ధర తెలిసిన యానాం మార్కెట్‌లో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. చెట్లలోనూ ఇంతే. మొర్రి అంటే పండు, చెట్టు. ఆ పండులోని పప్పు సారపప్పు. రెండూ ఒకే జాతి పుటలో ఉండాలి, కానీ ఒకే అర్థంలో కాదు.

గమనార్హమైన సంగతేమంటే, ఇందుకు తగిన ఏర్పాటు ఇప్పటికే సిద్ధంగా ఉంది. జీవవైవిధ్య సమాచార మార్పిడికి 2009లో ఆమోదం పొందిన డార్విన్ కోర్ ప్రమాణానికి అనుబంధంగా, జీబిఫ్ దేశీయ నామాలకు ఒక విస్తరణ పట్టికను ఇచ్చింది. పేరు, భాష, ఆధారం, కాలం, ప్రాంతం, లింగం, వయోదశ, చివరికి ఆ పేరు జీవి మొత్తానికా ఏదైనా భాగానికా అన్న గడి కూడా అందులో ఉంది. సారపప్పుకు చోటుంది, పులసకు చోటుంది, గునుగు తెలంగాణదని రాసుకోవడానికి చోటుంది. గడులు ఖాళీగా ఉన్నాయి. నింపవలసిన వారు వృక్షశాస్త్రజ్ఞులు మాత్రమే కాదు.

పట్టికల వెనుక పటం

ఖాళీల సంగతి అలా ఉండగా, నిండిన గడుల్లో మరో పక్షపాతం కనిపిస్తుంది. మొక్కల తెలుగు పేర్లకు చాలా డేటాబేసులు ప్రత్యక్షంగానో పరోక్షంగానో ఆధారపడే మూలాలలో ముఖ్యమైనది గ్యాంబుల్ ప్రారంభించగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం. అది 1915–1936 నడుమ వెలువడింది. పేరులోనే పరిమితి ఉంది. నిజాం రాజ్యం మద్రాసు ప్రెసిడెన్సీలో లేదు. కాబట్టి ఆ గ్రంథంలో తెలుగు అంటే సర్కారు జిల్లాల, రాయలసీమ తెలుగు. రాక్స్‌బర్గ్ తిరిగిందీ ఆ తీరమే, రసెల్ ఉన్నదీ ఆ తీరమే. శతాబ్దానికి పైగా సాగిన సేకరణ ఒకే ప్రాంతపు తెలుగును తెలుగుగా స్థిరపరిచింది. శ్రీనగర్ కాలనీలో కూర్చొని వెతికే విద్యార్థికి తన అమ్మమ్మ ఊరు మెదక్‌లోనో నల్లగొండలోనో విన్న పేరు దొరక్కపోతే అది అతని అమ్మమ్మ తప్పు కాదు, పటం తప్పు.

దీనికి పక్కనే మరొకటి. ఆదిలాబాదు గోండి పేర్లు, భద్రాచలం కోయ పేర్లు రాష్ట్ర భాష పేరిట తెలుగు గడిలోకి జారే వీలుంది. గోండి, కోయ వేరు భాషలు. తెలంగాణ పేర్లు తెలుగు పటంలో లేవని అడిగే హక్కు ఎంతుందో, ఆ పటంలోకి ఇతరుల పేర్లను కలుపుకోరాదన్న బాధ్యత కూడా అంతే ఉంది.

2002 జీవవైవిధ్య చట్టం, 2004 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారుచేయాలి. 2012 అక్టోబరులో హైదరాబాదులో జీవవైవిధ్య ఒప్పందపు పదకొండో సదస్సు జరిగినప్పుడు వీటి గురించి ఎంతో చర్చ జరిగింది. రిజిస్టరులో స్థానిక నామం అన్న గడి, శాస్త్రీయ నామం అన్న గడి పక్కపక్కనే ఉంటాయి. ఒక వనరును వాణిజ్యానికి వాడుకున్నప్పుడు ప్రయోజనంలో ఊరికి వాటా రావాలంటే, ఆ వనరు తమదేనని చూపే పత్రం ఇదే. ఇక్కడ స్థానిక నామాన్ని ఊరి నోటి నుంచి కాక అంతర్జాలం నుంచి తెచ్చి నింపితే, ఆ ఊరికి తెలియని పేరు ఆ ఊరి జ్ఞానంగా నమోదవుతుంది. గడి నిండుతుంది, సాక్ష్యం పోతుంది.

తెలుగు శాఖల ముందున్న నమూనా

ఇటువంటి సేకరణకు నమూనా బయటి నుంచి తెచ్చుకోనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటంలో ప్రతి పదానికీ అది వినబడిన ప్రాంతం సూచితమై ఉంది. 1971 నాటి చేనేత సంపుటం అదే పద్ధతిని కొనసాగించింది. ఎక్కడ, ఏ పనిలో, ఏ రూపంలో అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాయకుండా పదాన్ని కోశంలోకి రానివ్వని పద్ధతి అది. జీబిఫ్ విస్తరణ పట్టిక అడుగుతున్నవి దాదాపు ఈ ప్రశ్నలే. నాలుగు దశాబ్దాలకు పైగా తేడాతో, ఒకరి పని మరొకరికి తెలియకుండా, రెండు రంగాలు ఒకే నిర్ణయానికి వచ్చాయి.

తేడా ఒక్కచోటే ఉంది. పదకోశంలో పదం కచ్చితం, వస్తువు గుర్తింపు కొన్నిచోట్ల అస్పష్టం. డేటాబేసులో వస్తువు కచ్చితం, పదం అస్పష్టం. హైదరాబాదులోనే బొటానికల్ సర్వే వారి దక్కను ప్రాంతీయ కేంద్రం, జువలాజికల్ సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం రెండూ అత్తాపూరులో ఉన్నాయి. ఉస్మానియాలో వృక్షశాస్త్ర శాఖకూ తెలుగు శాఖకూ నడుమ దూరం నడిచి వెళ్లగలిగినంతే. ఎం.ఫిల్., పీహెచ్.డి. సిద్ధాంతవ్యాసాల కోసం మండలాల వారీగా పదసేకరణ చేసిన విద్యార్థుల ప్రతులలో చెట్ల పేర్లు, చేపల పేర్లు తెలుగు లిపిలో, ఊరి పేరుతో సహా ఉన్నాయి. వాటిలో చాలా వాటి ఎదుట రాసి ఉన్న అర్థం మాత్రం ఇప్పటికీ ఒక రకమైన చెట్టు.